పెట్టెడి చేయి – పలికెడి నోరు

అన్నము లేక సేవ లేదు. లోకమునకు జ్ఞానము చెప్పువాడైనను, రోగికి మందిచ్చువాడైనను, దేవుని సన్నిధిని దీపము పెట్టువాడైనను, పిల్లలచే అక్షరములు దిద్దించువాడైనను మధ్యాహ్నమునకు ఆకలిగొనక మానడు. వాని యింటను భార్యాబిడ్డ లుందురు. వాని యింటికప్పును వానకు కురియును. కావున సేవకుని పోషించువా రెవరో యొకరు ఉండితీరవలెను. ఇంతవరకు వివాదము లేదు. వివాదమంతయు దాని తరువాతనే పుట్టుచున్నది. పెట్టెడి చేయి యెవరిది? ఆ చేతికిని, ఆ యన్నము తిని పలికెడి నోటికిని గల సంబంధ మెట్టిది? ఒకని యన్నము తినుచు, వానికి రుచింపని సత్యమును వానితోనే చెప్పగలుగుట యెట్లు? ఇది మిక్కిలి పాత ప్రశ్న. అయినను ప్రతి తరమువారికిని క్రొత్తగా ఎదురగుచున్నది.

ఈ ప్రశ్నను గాలిలో నుంచి విచారించుటకంటె, ఒక సంస్థ దీని నెట్లు ఎదుర్కొన్నదో చూచి విచారించుట మేలని మాకు తోచినది. అందులకు తెలుగుదేశమున నూట ఎనుబది యేండ్లకు పైబడిన చరిత్రగల లూథరన్ క్రైస్తవ సంఘమును దృష్టాంతముగా తీసికొంటిమి. మతప్రశంస గాని మతవిమర్శ గాని మా యుద్దేశము కాదు. ఒక ప్రాంతీయ సంఘము తనలోని చిన్న సమాజములను, వానికి సేవచేయు పాస్టరులను, ఉపదేశులను, బడిపంతుళ్లను ఎట్లు పోషించుచున్నదను విషయము గుడి యున్న ప్రతి యూరికిని, బడి యున్న ప్రతి వాడకును, మనవంటి భాషాసంఘమునకును పనికివచ్చు పాఠము. మేము ముప్పది యేండ్లకు పైగా జమాఖర్చు పుస్తకముల నడుమ కాలము గడపినవారము. ధర్మమును గూర్చి మాకు తెలిసిన కొంచెమును చిట్టా ఆవర్జాల మూలముననే తెలిసినది.

మొదట మన యూళ్లను చూతము. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు చెరువుల సీమ. ఏడాది పొడుగున పారు నది లేని యీ నేలలో చెరువే ప్రాణము. పూర్వము చెరువు క్రింది యూళ్లలో నీరుగంటి యుండెడివాడు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంత నీరో పంచుట వాని పని. అతడు తరచుగా చెరువు క్రింద గుంట భూమియైన లేని దళితుడు. వానికి జీతమిచ్చువాడు ఒక్క ఆసామి కాడు. పంట కళ్లమునకు వచ్చిన నాడు ఆయకట్టు రైతులందరును ఇంతింత ధాన్యము కొలిచి యిచ్చెడివారు. దానిని ఆయమనిరి. తనకు మడి లేదు గనుక నీటిని తనవైపు మరలించుకొను నాశ వానికి లేదు. అందరి గింజలును తినెను గనుక ఏ యొక్కనికిని లోబడవలసిన యగత్యము లేదు. వానికి భూమి లేకుండుట న్యాయమని మే మనుట లేదు. అది మన పెద్దలు చేసిన యన్యాయమే. కాని వానిని పోషించిన పద్ధతిలో ఒక వివేక మున్నది. అందరి యన్నము తినువాడు ఒక్కనికి బానిస కాడు.

గుడిపూజారి పోషణము వేరు విధముగ నుండెను. రాజులు, పాళెగాండ్రు, ధనికులు దేవుని పేర ఇనాము భూములు వ్రాసి యిచ్చిరి. ఇచ్చినవాడు గతించినను భూమి పండుచుండును గనుక పూజారి యేటేట నెవరి ముఖము చూడ నక్కరలేక పోయెను. కాని యదియే దోషమునకును మూలమైనది. కొన్నిచోట్ల దేవుని మాన్యము కుటుంబపు సొత్తయినది. పూజ జరిగినను జరుగకున్నను పంట యింటికి చేరుచుండెను. మైసూరు రాష్ట్రమున 1955 నాటి శాసనముచే మత ధర్మ ఇనాములు రద్దయిన పిమ్మట, గుడులకు ముజరాయి శాఖ నుండి తస్తీకు అను సాలీనా నగదు ఏర్పడినది. కాగితము మీది నగదు స్థిరముగ నుండును. బియ్యపు ధర స్థిరముగ నుండదు. ఇట్లు మన కండ్లయెదుటనే మూడు విధముల పోషణము కలదు. సమీపమున నున్న పలువురి చేయి ఆయము. గతించిన దాత చేయి ఇనాము. దూరమున నున్న ప్రభుత్వపు చేయి తస్తీకు. ప్రతిదానికిని గుణమున్నది, ప్రతిదానికిని వ్యాధియు నున్నది.

క్రైస్తవ మతమున నీ చిక్కు ఆదినుండియు కలదు. పౌలు కొరింథు పట్టణమున గుడారములు కుట్టి తన పొట్ట తాను పోసికొనెను. బోధించువానికి ఆ బోధవలన జీవించు హక్కు కలదని వాదించినవాడును అతడే. కొరింథులో ఆ హక్కును వాడుకొనక విడిచినవాడును అతడే. అయినను ఫిలిప్పీవారు పంపిన సాయమును కృతజ్ఞతతో గ్రహించెను. యెరూషలేములోని పేదల కొరకు మాసిదోనియ, అకయ సీమల సంఘములయొద్ద చందాలు కూర్చెను. ఒకే మనుష్యుడు ఒకచోట పుచ్చుకొని మరియొకచోట నిరాకరించుట చంచలత్వము కాదు. ఎచ్చట పుచ్చుకొన్నచో నోటికి బంధము పడునో అచ్చట నిరాకరించెను. ఎచ్చట అట్టి భయము లేదో అచ్చట గ్రహించెను. కాని యిది ఒక మహాపురుషుని వివేకము. సామాన్యులకు వివేకముతోబాటు ఒక పద్ధతియు కావలెను.

అట్టి పద్ధతిని వెదకినవారిలో మార్టిన్ లూథరు ఒకడు. జర్మనీలోని సాక్సనీ సీమలో లైస్నిగ్ అను చిన్న పట్టణము కలదు. 1523లో ఆ పట్టణపు సంఘమువారు తమ గుడిమాన్యముల రాబడిని, చందాలను ఒక ఉమ్మడి పెట్టెలో చేర్చి, దానినుండి పాస్టరును, గుడిసేవకుని, బడిపంతులును, అనాథలను, వృద్ధులను పోషింపవలెనని నిబంధనావళి వ్రాసికొనిరి. లూథరు దానికి పీఠిక వ్రాసి ప్రకటించెను. ఆ నిబంధనలలో గుమాస్తాలమైన మమ్ము మిక్కిలి ఆకర్షించిన దొకటి కలదు. ఆ పెట్టెకు నాలుగు తాళములు. ఒక తాళపుచెవి ప్రభువంశీయులయొద్ద, ఒకటి పట్టణసభయొద్ద, ఒకటి పట్టణ ప్రజలయొద్ద, ఒకటి పల్లె రైతులయొద్ద నుండవలెను. నలుగురును కూడిననే గాని పెట్టె తెరువరాదు. దానిని చూచుకొనుటకు పదిమంది ధర్మకర్తలు. అందు ఇద్దరు ప్రభువంశీయులు, ఇద్దరు పట్టణసభ్యులు, ముగ్గురు పట్టణవాసులు, ముగ్గురు రైతులు. అయిదువందల యేండ్ల క్రిందట ఒక చిన్న యూరివారు పల్లె రైతు చేతికి తాళపుచెవి యిచ్చుట సామాన్యమైన సంగతి కాదు.

అయినను నిబంధన వ్రాయుట వేరు, నడుపుట వేరు. లైస్నిగ్ పట్టణసభవారు తమ యధీనములో నున్న రాబడిని ఆ పెట్టెకు అప్పగించుటకు ఒప్పుకొనలేదు. లూథరు తమ సీమ ప్రభువునకు మొరపెట్టుకొనవలసి వచ్చెను. మంచి పద్ధతి మంచి మనస్సునకు బదులు కాజాలదను పాఠము ఈ చరిత్ర మొదటి పుటయందే యున్నది. ఐనను ఆ నాలుగు తాళముల పెట్టెను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ముందు దానితో పనియున్నది.

లూథరు పేరిటి సంఘము తెలుగుదేశమునకు వచ్చిన కథలోను ఈ ప్రశ్నయే ముందుగా వచ్చినది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరైనవాడు. పలు శాఖలవారు కలిసి నడుపు మిషను బోర్డు క్రింద వచ్చుటకు ఇష్టపడక, తన స్వంత సంఘమగు పెన్సిల్వేనియా లూథరన్ సినడు పంపినవానిగా బయలుదేరి, 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. అచ్చటి కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆదరించెను. తాను ఎవరి పంపున, ఎవరి సొమ్ముతో పోవుచున్నాననుట హయ్యరునకు చిన్న విషయము కాదని దీనివలన తెలియుచున్నది. పిమ్మట రాజమహేంద్రవరపు మిషనును నడుపు శక్తి చాలక స్వదేశపు సంఘమువారు ఇతరులకు అప్పగింపబోవుచుండగా, 1869లో 76 ఏండ్ల వయస్సున ఆ వృద్ధుడు మరల ఓడ యెక్కి వచ్చి దానిని నిలిపెను.

ఆ కాలమున సొమ్ము సముద్రము దాటి వచ్చెడిది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా శారా కుగ్లరు అను వైద్యురాలు స్త్రీలకొరకు నడపిన ఆసుపత్రి వెనుక అమెరికాలోని లూథరన్ స్త్రీలు కూడబెట్టిన చందాలుండెను. పల్లెలలో ఉపదేశియు, బడిపంతులును తరచుగా ఒక్కడే. వాని జీతము మిషను బంగళానుండి వచ్చెడిది. సంఘములో చేరినవారు చాలవరకు మాల మాదిగ వాడలలోని కూలివారు. వారు జీతమియ్యలేరు, ఆసామి పొలములో పనిచేసిననే గాని వారికే పూట గడవదు. దూరపు జీతమువలన ఆ వాడకు ఒక స్వేచ్ఛ కలిగినది. ఊరి పెద్ద కన్నెర్ర చేసినను పంతులు జీతము ఆగదు. తరతరములుగ అక్షరమునకు దూరముగ నుంచబడిన బిడ్డలకు పలకయు బలపమును లభించినవి. దీనిని చిన్న మేలని చెప్పువాడు ఆ వాడలో పుట్టినవాడై యుండడు.

కాని మేలు వెంటనే లోపమును వచ్చినది. జీతము బంగళానుండి వచ్చునప్పుడు పంతులు కన్నును బంగళావైపే తిరిగి యుండుట మానవసహజము. వాడవారికిని అతడు మిషనువారి పంతులే గాని తమ పంతులు కాడు. తమ పైస ఒక్కటియు లేని చోట తమ మాటయు లేదని మనుష్యుడు తలచును. పనిని అడుగు హక్కు పోవును. అడుగవలెనను తలంపే పోవును. ఉచితముగ వచ్చినదానిని కాపాడుకొనవలెనను పట్టుదలయు సన్నగిల్లును.

అంతే కాదు. దూరపు చేయి యెంత బలమైనదైనను ఒకనాడు ఆగిపోవచ్చును. మొదటి మహాయుద్ధకాలమున నిది జరిగినది. ఛోటానాగపూర్ సీమలో 1845 నుండి పనిచేయుచుండిన గోస్నర్ మిషను జర్మనులది. యుద్ధము వచ్చుటతో ప్రభుత్వమువారు జర్మనులను నిర్బంధించి పంపివేసిరి; సొమ్మును ఆగినది. ఆ కొండజాతుల క్రైస్తవులు చెదరిపోవుటకు మారుగా, 1919 జూలై 10వ తేదీన తమ సంఘము స్వతంత్రమని ప్రకటించుకొని తామే నడుపుకొనిరి. నెల్లూరు, తిరుపతి వైపున నున్న హెర్మన్స్‌బర్గ్ మిషనును జర్మనులదే. యుద్ధకాలమున అది అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడువారి చేతికి వచ్చినది. తరువాత 1945లో దక్షిణాంధ్ర లూథరన్ సంఘమైనది. ఒకచోట దూరపు చేయి పోయి తమ చేతులు లేచినవి. మరియొకచోట ఒక దూరపు చేయి పోయి మరియొక దూరపు చేయి వచ్చినది. రెండింటిలో ఏది మేలని తొందరపడి తీర్పు చెప్పుట తగదు. ఆకలిగొన్నవాని కొరకు వెంటనే వచ్చిన చేయియు ధర్మమే. కాని దూరపు చేతిని మాత్రమే నమ్ముకొని యుండుట ఇసుకపై గోడ కట్టుట యని రెండు కథలును చెప్పుచున్నవి.

ఈ యనుభవముల నడుమనే 1927లో గుంటూరు, రాజమహేంద్రవరపు మిషనుల సమాజములు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా నేర్పడినవి. 1944లో ఇ. ప్రకాశముగారు ఆ సంఘమునకు మొదటి భారతీయాధ్యక్షులైరి. అది నేడు మనదేశపు లూథరన్ సంఘములలో మిక్కిలి పెద్దవానిలో నొకటి. ఊరి సమాజములు కొన్ని చేరి పారిష్, పారిష్‌లు చేరి సినడు, సినడులన్నియు చేరి మహాసభ, ఇట్లు మెట్లు మెట్లుగా దాని నిర్మాణము.

ఇట్టి ప్రాంతీయ సంఘము చేయదగిన పని యేమి? లెక్కల భాషలో చెప్పవలెనన్న, సమాజములు తమ కానుకలలో కొంత భాగమును పైకి పంపును. పైవారు దానిని కూర్చి, ధనిక సమాజమున నున్న పాస్టరునకును పేద సమాజమున నున్న పాస్టరునకును ఒకే కొలతను జీతము ఏర్పరుతురు. పనివారికి శిక్షణమిచ్చు పాఠశాలలు నడుపుదురు. ఒకచోట పొసగనివానిని మరియొకచోటికి మార్చుదురు. గుడికప్పు కూలిన చోట సాయపడుదురు. వృద్ధులైనవారికిని, పనివారి వితంతువులకును ఏదో యొక ఏర్పాటు చేయుదురు. అమెరికాలోని మిస్సౌరీ లూథరన్ సినడువారు గుడి కట్టదలచిన క్రొత్త సమాజమునకు దానము కాక అప్పిచ్చు నిధిని నడుపుచున్నారు. సభ్యులు దాచుకొన్న సొమ్ములే ఆ నిధి. అప్పు తీరిన సొమ్ము మరియొక గుడికి పోవును. దానము పొందినవాడు తల వంచును. అప్పు తీర్చినవాడు తల యెత్తి నడచును. సాయము చేయుటలో ఇదియు నొక మర్యాద.

పేదవారు పైకి ఏమి పంపగలరని యడుగవచ్చును. తెలుగు క్రైస్తవ స్త్రీలలో ఒక యాచారము కలదు. వంటకు బియ్యము కొలిచిన పిమ్మట, ఎసటిలో వేయకమునుపు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. వారాంతమున ఆ బియ్యము గుడికి చేరును. కోతపండుగనాడు తొలి పంట, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు తెచ్చి గుడిలో నుంచి వేలము వేయుదురు. ఆ పిడికెడు బియ్యము ఖరీదు కట్టి చూచిన పాస్టరుగారి జీతములో నెన్నవ వంతో కాదు. కాని ఆ పిడికెడు వేసిన స్త్రీకి పాస్టరుగారితో, అయ్యా, మొన్న మా యింట పిల్లవానికి జ్వరమైన మీరు చూడరాలేదేమి, అని యడుగు హక్కు వచ్చినది. ఆ హక్కు విలువ ఏ ఆవర్జాలోను వ్రాయ వీలుకాదు. పిడికెడు బియ్యము పోషణముకంటె ఎక్కువగ సంబంధము.

అట్లయిన ప్రతి యూరును తన సేవకుని తానే పోషించుకొనరాదా, నడుమ నీ పెద్ద సంఘ మెందులకు అను ప్రశ్న వచ్చును. ఇచ్చట మే మెరిగిన యొక సంగతి చెప్పుదుము. మన ప్రాంతమున నొక ఉపదేశి యుండెడివాడు. ఏ శాఖవాడో, ఏ యూరివాడో చెప్ప నక్కరలేదు. అతడు ఏ పెద్ద సంఘమునకును చేరినవాడు కాడు. ఒక ధనికుడు నెలనెల నిచ్చు సొమ్ముతో, సైకిలుపై నాలుగైదు పల్లెలు తిరిగి ప్రార్థనలు జరుపుచు, సాయంకాలము పిల్లలకు చదువు చెప్పుచుండెను. ఒకప్పుడు చెరువు లోపలి భూమి ఆక్రమణను గురించి విచారణ వచ్చెను. ఆక్రమించినవాడు ఆ ధనికుని బంధువు. ఉపదేశిని పిలిచి యడుగగా తాను చూచినది చూచినట్లు చెప్పెను. మరుసటి నెల నుండి సొమ్ము ఆగిపోయినది. పల్లెవారు కూడి, ఇంటికి రెండేసి సేర్ల రాగు లిచ్చెదమనిరి, అన్నట్లే యిచ్చిరి. ఆ రెండేండ్లును అతడు మునుపటికంటె నిర్భయముగ మాటలాడుట మేము చూచినాము. పిమ్మట వానలు తప్పినవి. రాగు లిచ్చినవారే కూలికై బెంగుళూరు బస్సెక్కిరి. కొన్నాళ్లకు ఉపదేశియు ఒక ఇటుకబట్టీలో లెక్కలు వ్రాయు పనికి చేరెను. సాయంకాలపు బడి మూతపడినది.

ఇందు పల్లెవారి దోషమేమియు లేదు. ధనికుని చేయి ఒక్కటి గనుక కోపము రాగానే మూసుకొనినది. పల్లె చేతులు పలు గనుక మూసుకొనలేదు. కాని ఆ చేతులన్నియు ఒక్క వాననే నమ్ముకొన్నవి గనుక ఒక్కసారిగా ఖాళీయైనవి. కావున చేతులు పలు కావలెను. అవి పలు సీమల చేతులును కావలెను. ఒకచోట వాన తప్పిననాడు మరియొకచోట పండవలెను. ప్రాంతీయ సంఘమువలని ప్రయోజనమంతయు ఈ యొక్క మాటలో నున్నదని మా తలంపు. మన పొరుగున కోలారు బంగారు గనులలో లూథరన్ సమాజములు కలవు. ఆ గనులు 2001లో మూతపడినవి. ఊరి జీతములన్నియు ఒక్క గనినుండి వచ్చునట్టి చోట, గని మూతపడిననాడు గుడిలో దీపము ఎవరి నూనెతో వెలుగవలెను? నూనె వేరొక యూరినుండి రాకతప్పదు.

మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టిరి. పై చెరువు నిండి మరవ పారిన నీరు క్రింది చెరువునకు చేరును. ఈ గొలుసులో రెండు ధర్మములు కలవు. పై చెరువువారు మరవకు అడ్డుకట్ట వేయరాదు, ఇది మొదటిది. క్రింది చెరువువారు తమ కట్టను తాము కట్టుకొని పూడిక తీసికొనవలెను. కట్ట లేని చోటికి నీరు వచ్చినను నిలువదు. ఇది రెండవది. ధనిక సమాజము తన మిగులును క్రిందికి విడువవలెను. పేద సమాజము తన పిడికెడు బియ్యముతో కట్ట కట్టవలెను. ఈ రెండును లేని సాయము వరదగా వచ్చి పోవును.

ఇంతటితో చిక్కు తీరినదనుకొనరాదు. ఉమ్మడి పెట్టె పెద్దదైనకొలది దానిని కాచువాడును పెద్దవాడగును. పూర్వము ఆసామికి భయపడిన నోరు ఇప్పుడు కార్యాలయమునకు భయపడవచ్చును. బదిలీ చేయు నధికారము రక్షణమునకే యేర్పడినను శిక్షగా మారుటకు ఎంతో కాలము పట్టదు. జీతపు చీటిపై సంతకము పెట్టువాని కనుసన్నల మెలగుట ఎట్టిదో గుమాస్తాగిరి చేసినవారికి ఒకరు చెప్ప నక్కరలేదు. ఆంధ్ర లూథరన్ సంఘమునందును ఇటీవలి దశాబ్దములలో నాయకత్వమును గురించియు, ఆస్తులను గురించియు వివాదములు న్యాయస్థానముల కెక్కినవి. ఇది ఆ సంఘమునకు మాత్రమే తగిలిన తెగులు కాదు. దేవస్థానములు, మఠములు, వక్ఫులు, సహకార సంఘములు, ఎచ్చట పలువురి సొమ్ము కొద్దిమంది చేతిలో చేరినదో అచ్చటనెల్ల నిది యున్నది. పెద్దల కలహములో ముందుగ ఆగునది మారుమూల పల్లె సేవకుని జీతమే యగునేమోయని మా భయము.

పోషణము మిక్కిలి భద్రమైన చోట వేరొక తెగులు కలదు. జర్మనీలో సంఘసభ్యుల ఆదాయపు పన్నుపై 8 గాని 9 గాని శాతము సంఘపు పన్నుగా చేర్చి, చాలవరకు ప్రభుత్వమువారే వసూలు చేసి సంఘములకు అప్పగింతురు. పాస్టరు జీతము ప్రాంతీయ సంఘమునుండి నెలనెల వచ్చును. ఏ ధనికుని దయయు అక్కరలేదు. ఏ వానయు తప్పదు. అయినను ఆ దేశమున గుడులు పలుచబడుచున్నవి. 2022 నాటికి అచ్చటి రెండు పెద్ద సంఘముల సభ్యులు కలిసి దేశజనములో సగమునకు తక్కువైరి. దీనికి కారణములు పెక్కు. పన్ను ఒక్కటే కారణమనుట యన్యాయము. కాని సొమ్ము తప్పక వచ్చినంత మాత్రమున సమాజము నిలువదని ఇందువలన స్పష్టము. పన్నుగా పోయిన సొమ్ము వెనుక పిడికెడు బియ్యపు సంబంధము పెరుగుట కష్టము.

ఈ విచారమువలన మాకు తేలిన ధర్మములు మూడు. సేవకుని యన్నము పలువురి చేతులనుండి, పలు సీమల చేతులనుండి రావలెను. ఎంత పేద సమాజమైనను తన పిడికెడు తాను వేయవలెను. ఉమ్మడి పెట్టె తాళములు ఒక్కనియొద్ద నుండరాదు; దాని లెక్కలు పిడికెడు వేసిన స్త్రీకిని వినబడవలెను. ఇందు మొదటిదానివలన సేవకునికి స్వేచ్ఛ, రెండవదానివలన సమాజమునకు హక్కు, మూడవదానివలన పెట్టెను కాచువానికి హద్దు ఏర్పడును. మూడింటిలో నొకటి లోపించినను మిగిలిన రెండును చెడును.

ఇంత భద్రత యిచ్చిన సేవకుడు సోమరి కాడా యని యడుగువారు కలరు. కావచ్చును. అందుచేత వాని పనికి లెక్క అడుగవలెను. రోగిని చూచినాడా, బడికి వేళకు వచ్చినాడా, సొమ్మునకు రసీదు వ్రాసినాడా యని యడుగుట సమాజపు హక్కు మాత్రమే కాదు, విధి. కాని పనికి లెక్క అడుగుట వేరు, మాటకు వెల కట్టుట వేరు. నీవు నాకు రుచించునట్లు మాటలాడలేదు గనుక నీ రాగులు తగ్గించెదనన్ననాడు మనము సేవకుని పోషించుట మాని భట్రాజును పోషింప నారంభించితిమి.

మరియొక పరీక్ష కలదు. మాకు అన్నిటికంటె గట్టిదిగా తోచునది అదియే. పనిచేయు దినములలో నిచ్చు జీతము కొంతవరకు బేరమే. అతడు పని యిచ్చినాడు, మనము కూలి యిచ్చినాము. పని చేయలేని నాడు ఏమి యిత్తుము? కంఠము పోయిన ఉపదేశికి, కన్ను మసకబారిన పంతులునకు, సేవకుని వితంతువునకు ఇచ్చు నన్నములో బేరము లేదు. అతడు ఇక మనకు ఏమియు తిరిగి యియ్యలేడు. మేము నేడు ప్రభుత్వపు పింఛను తినుచున్నవారము. ఒకటవ తేదీకి బ్యాంకు మెట్లెక్కునప్పుడెల్ల, మావలెనే జీవితమంతయు పనిచేసి యే పింఛనును లేనివారు జ్ఞప్తికి వత్తురు. ఇటుకబట్టీకి పోయిన ఆ యుపదేశి వారిలో నొకడు. ఊరి రాగులు పనివానిని కొంతకాలము పోషింపగలవు. వృద్ధుని పోషించుటకు ఉమ్మడి పెట్టె కావలెను. ఏ సంఘము తన వృద్ధ సేవకుల నెట్లు చూచుచున్నదో విచారించిన, ఆ సంఘము సేవను కొనుచున్నదో, సేవను గౌరవించుచున్నదో తెలిసిపోవును.

మన మూడు తాలూకాలలో లూథరన్ పేరు అంతగా వినబడదు. చిక్కబళ్లాపురమున పనిచేసినవారు లండన్ మిషనువారు. వారు పెట్టిన సమాజములు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. కాని పేరు ఏదైనను ప్రశ్న యొక్కటే. కైవారము తాతయ్యగారి తెలుగు తత్త్వములను కన్నడ లిపిలో చదివి పాడు భజనగురువు లెందరో మన పల్లెలలో నున్నారు. ఇంట తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరము నెరుగని మన బిడ్డలకు సాయంకాలము ఓనమాలు చెప్ప నిష్టపడు పంతుళ్లును అక్కడక్కడ నున్నారు. వారిని ఎవరు పోషించుచున్నారు? ఒకచోట ఒక ధనికుడు. అతని మనసు మారిన బడి ఆగును. ఒకచోట ఊరివారు, వాన తప్పిన బడి ఆగును. చాలచోట్ల ఎవరును లేరు.

మన తెలుగు సంఘమువారు పండుగలు చేయుచున్నారు, సన్మానములు చేయుచున్నారు. అవియు కావలసినవే. వానితోబాటు మూడు తాలూకాలకును కలిపి ఒక ఉమ్మడి పెట్టె పెట్టుదురు గాక యని మా మనవి. బాగేపల్లి చెవి బాగేపల్లివారియొద్ద, చింతామణి చెవి చింతామణివారియొద్ద, చిక్కబళ్లాపురపు చెవి చిక్కబళ్లాపురమువారియొద్ద నుండవలెను. నాలుగవ చెవి, ఏ సభకును పిలువబడని పల్లెవారి చేతి కియ్యవలెను. తెలుగు బడి కావలెనన్న ప్రతి యూరును ముందుగ తన పిడికెడు రాగులు వేయవలెను. వేసిన పిమ్మట మిగిలినది పెట్టె చూచుకొనవలెను. పంతులు ఏమి బోధించుచున్నాడో, ఎట్లు బోధించుచున్నాడో అందరును అడుగవచ్చును. ఎవరి పొగడ్త పాడలేదని మాత్రము ఎవరును అడుగరాదు. లెక్కలు వ్రాయుటకు మనిషి కావలసివచ్చిన, జీతము లేక వ్రాసి పెట్టుటకు మేము సిద్ధముగ నున్నాము. తాళపుచెవి మాత్రము మా కియ్యవలదు.